వెళ్లినవాడి మీద కోపం, తీసుకెళ్లినవాడి మీద ఇంకాస్త కోపం: ఫుట్‌బాల్ ఫ్యాన్స్ కచ్చ వెనక లెక్కలు

2025 నవంబరు 4న ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్, స్పెయిన్ క్లబ్బు రియల్ మాడ్రిడ్ తలపడ్డాయి, లివర్‌పూల్ సొంత స్టేడియం ఆన్‌ఫీల్డ్‌లో. మన దగ్గర ఆట మొదలయ్యేసరికి అర్ధరాత్రి దాటి ఒకటిన్నర. బెజవాడలో ఆ టైముకి మేలుకుని ఉండేది స్టేషన్ దగ్గర టీ కొట్లవాళ్లూ, ఈ ఫుట్‌బాల్ పిచ్చోళ్లూనే. మాక్ అలిస్టర్ గోలుతో లివర్‌పూల్ 1-0 తేడాతో గెలిచింది. కానీ మర్నాడు కుర్రాళ్ల నోళ్లలో నానింది ఆ గోలు కాదు, ఆట చివర్లో రియల్ తరఫున ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్ సబ్‌స్టిట్యూట్‌గా దిగినప్పుడు స్టేడియంలో లేచిన 'బూ'.

ఆ కుర్రాడు పుట్టింది లివర్‌పూల్ ఊళ్లోనే. ఆరేళ్ల వయసులో క్లబ్బు అకాడమీలో చేరాడు, ఇరవయ్యేళ్లు అక్కడే ఉన్నాడు, రెండు ప్రీమియర్ లీగ్ (ఇంగ్లండ్‌లో పెద్ద లీగ్) టైటిళ్లు, ఒక ఛాంపియన్స్ లీగ్ (యూరప్ మేటి క్లబ్బుల టోర్నీ) గెలిచిన జట్టులో ఆడాడు. కాంట్రాక్టు ముగిసే వేళకి వేరే క్లబ్బుకి వెళ్లాడు. "కాంట్రాక్టు అయ్యాకే కదా మావా వెళ్లింది, ఇందులో తప్పేముంది?" అని క్రికెట్ మాత్రమే చూసే ఫ్రెండ్ అడిగితే చటుక్కున జవాబు దొరకదు.

ఇంకో విచిత్రం ఉంది. అదే రాత్రి రియల్ మాడ్రిడ్ మేనేజర్‌గా మైదానం గీత పక్కన నిలబడ్డ షాబి అలోన్సో కూడా ఒకప్పటి లివర్‌పూల్ ఆటగాడే. 2009లో ఆయన కూడా లివర్‌పూల్ వదిలి రియల్‌కే వెళ్లాడు. ఆయన మీద లివర్‌పూల్ జనానికి ఇప్పటికీ అభిమానమే. వదిలిన క్లబ్బు ఒకటే, చేరిన క్లబ్బు ఒకటే, మరి ఒకరికి ప్రేమ, ఒకరికి ఈసడింపు ఎందుకు? వెళ్లడమే నేరమైతే ఇద్దరికీ ఒకటే శిక్ష పడాలి. కాబట్టి కోపం వెళ్లినందుకు కాదు, వెళ్లిన తీరు మీద, ఆ తీరు వెనక ఎవరి చెయ్యి ఉందని జనం అనుకుంటున్నారో వాళ్ల మీద. ఈ చిక్కుముడి విప్పాలంటే ముందు డబ్బు లెక్క తెలియాలి.

కాంట్రాక్టు మిగిలి ఉంటే ఎంత, అయిపోతే ఎంత

ఐపీఎల్‌లో లాగా ఫుట్‌బాల్‌లో వేలం ఉండదు. ఆటగాడికీ క్లబ్బుకీ మధ్య కొన్నేళ్ల కాంట్రాక్టు ఉంటుంది. అది నడుస్తుండగా ఇంకో క్లబ్బు అతన్ని కావాలంటే, ఉన్న క్లబ్బుకి డబ్బు కట్టి విడిపించుకోవాలి. అదే ట్రాన్స్‌ఫర్ ఫీజు. కాంట్రాక్టు పూర్తిగా అయిపోతే ఆ ఫీజు కట్టక్కర్లేదు, ఆటగాడు ఉచితంగా నడిచి వెళ్లిపోవచ్చు. ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. బెల్జియం ఆటగాడు జాన్-మార్క్ బోస్మన్ వేసిన కేసులో యూరోపియన్ కోర్టు 1995 డిసెంబరు 15న తీర్పు ఇచ్చేదాకా, కాంట్రాక్టు తీరిన ఆటగాడికీ పాత క్లబ్బు వెల కట్టి అడిగేది.

అంటే ఆటగాడి రేటు అతని ఆట మీద ఎంత ఆధారపడుతుందో, కాంట్రాక్టులో మిగిలిన కాలం మీదా అంతే ఆధారపడుతుంది. మూడు ఉదాహరణలు చూడండి. 2025 సెప్టెంబరు 1న అలెగ్జాండర్ ఇసాక్ న్యూకాజిల్ నుంచి లివర్‌పూల్‌కి వెళ్లినప్పుడు కాంట్రాక్టు 2028 దాకా ఉంది, న్యూకాజిల్‌కి 12.5 కోట్ల పౌండ్లు వచ్చాయి, బ్రిటన్‌లో అది రికార్డు. 2012లో రాబిన్ వాన్ పెర్సీ ఆర్సెనల్ నుంచి మాంచెస్టర్ యునైటెడ్‌కి వెళ్లేటప్పటికి మిగిలింది ఒక్క ఏడాది. అంతకుముందు సీజన్లో లీగ్‌లో 30 గోల్స్ కొట్టినవాడైనా సుమారు 2.4 కోట్ల పౌండ్లకే ఇచ్చేయాల్సి వచ్చింది. 2001లో సోల్ క్యాంప్‌బెల్ టాటెన్‌హామ్ వదిలి పక్కనే ఉన్న బద్ధ శత్రువు ఆర్సెనల్‌లో చేరినప్పుడు కాంట్రాక్టు అయిపోయింది. టాటెన్‌హామ్‌కి వచ్చింది సున్నా. ఈ మూడూ వేర్వేరు కాలాలవి, ధరలు నేరుగా పోల్చలేం, కానీ మెట్లు ఎలా దిగుతాయో అర్థమవుతుంది.

ఇక్కడే ఫ్యాన్‌కి కాలుతుంది. కాంట్రాక్టు చివరిదాకా ఉన్నవాడు చట్టం ప్రకారం అందరికంటే నిజాయితీపరుడు, మాటిచ్చిన రోజులన్నీ పనిచేశాడు. ఫ్యాన్ లెక్కలో మాత్రం అతనే అందరికంటే పెద్ద ద్రోహి, ఎందుకంటే పెంచి పెద్ద చేసిన క్లబ్బుకి రూపాయి రాకుండా చేశాడు. క్యాంప్‌బెల్ మీద టాటెన్‌హామ్ జనం కోపం ఇరవయ్యేళ్లు దాటినా తగ్గకపోవడానికి ఈ సున్నా ఒక కారణం. రెండోది అతను జట్టు కెప్టెన్. మూడోది అతను వెళ్లింది ఆర్సెనల్‌కి. ఇంకే క్లబ్బుకి వెళ్లినా ఇంత గొడవ అయ్యేది కాదనుకుంటా.

ట్రెంట్ విషయంలో కాస్త తేడా ఉంది. కాంట్రాక్టు జూన్ చివరి దాకా ఉండగా, క్లబ్ వరల్డ్ కప్‌లో ఆడించుకోవడానికి రియల్ సుమారు కోటి యూరోలు కట్టి కొన్ని వారాల ముందే తీసుకెళ్లింది. అతని స్థాయి ఆటగాడికి అది చిల్లర.

మేనేజర్ అంటే ఎవరు, అతనికేం సంబంధం

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో మేనేజర్ అంటే మన భాషలో కోచ్. కానీ క్రికెట్ కోచ్ కన్నా చాలా పెద్ద కుర్చీ. ఎవర్ని ఆడించాలో, ఎవర్ని కూర్చోబెట్టాలో ఆయనదే మాట. ఒకప్పుడైతే ఎవర్ని కొనాలో, ఎవర్ని అమ్మాలో కూడా చాలావరకు ఆయనే తేల్చేవాడు. ఆర్సెనల్‌లో వెంగర్, మాంచెస్టర్ యునైటెడ్‌లో ఫెర్గూసన్ ఆ తరం మనుషులు. ఇప్పుడు చాలా క్లబ్బుల్లో ఆ కొనడం, అమ్మడం చూసుకోవడానికి స్పోర్టింగ్ డైరెక్టర్ అని వేరే మనిషి ఉంటాడు, పైన యజమాని, పక్కన ఆటగాడి ఏజెంటు. మేనేజర్ని ఇప్పుడు కొన్ని చోట్ల హెడ్ కోచ్ అనే పిలుస్తున్నారు. అధికారం తగ్గినా మీడియా ముందు కూర్చునేది ఆయనే, గీత పక్కన కనపడేది ఆయనే. కాబట్టి తిట్లూ ఆయనకే.

ఆటగాడు వెళ్లిపోయిన కథలో మేనేజర్ మూడు వేషాల్లో ఏదో ఒకటి వేస్తాడు. అవతలి నుంచి చెవిలో ఊది లాక్కెళ్లినవాడు ఒకటి. మన దగ్గరే ఉండి ఆటగాణ్ని విసిగించి పంపేసినవాడు రెండోది. మూడోది, తానే ముందు వెళ్లిపోయి వెనక నుంచి ఆటగాళ్లని పిలిపించుకున్నవాడు.

అలోన్సో పజిల్‌కి జవాబు రెండో వేషంలో ఉంది. 2008 వేసవిలో అప్పటి లివర్‌పూల్ మేనేజర్ రాఫా బెనితెజ్ ఆస్టన్ విల్లా ఆటగాడు గారెత్ బ్యారీ కోసం ప్రయత్నిస్తూ అలోన్సోని అమ్మడానికి సిద్ధపడ్డాడు. బేరం కుదరలేదు, అలోన్సో ఉండిపోయాడు. మరుసటి ఏడాది రియల్‌కి వెళ్లిపోతే జనం అనుకున్నది "ఇతను వెళ్లాడు" అని కాదు, "వద్దనిపించుకున్నాక వెళ్లాడు" అని. క్లబ్బుకి సుమారు 3 కోట్ల పౌండ్లు కూడా వచ్చాయి. ట్రెంట్‌ని ఎవరూ వద్దనలేదు, ఎవరూ తోసేయలేదు, కోపం పంచుకోవడానికి ఇంకో మనిషి లేడు. మొత్తం అతని నెత్తినే పడింది.

అన్నిసార్లూ మేనేజరే దొరకడు. 2000 జులైలో లూయిస్ ఫిగో బార్సిలోనా వదిలి దాని బద్ధ శత్రువు రియల్‌లో చేరిన వ్యవహారంలో కథ నడిపింది ఫ్లోరెంటినో పెరెజ్. రియల్ అధ్యక్ష ఎన్నికల్లో ఆయన చేసిన వాగ్దానమే ఫిగోని తెస్తానని. ఫిగో కాంట్రాక్టులో రిలీజ్ క్లాజ్ ఉంది, అంటే ఇంత డబ్బు ఎవరు కట్టినా పాత క్లబ్బు ఆపలేదు అనే షరతు. ఆ మొత్తం 1000 కోట్ల పెసెటాలు, అంటే సుమారు 6 కోట్ల యూరోలు. కట్టేశాడు, తెచ్చేశాడు. అప్పటి రియల్ మేనేజర్ డెల్ బోస్కె మీద బార్సిలోనా జనానికి పెద్దగా కోపం లేదు. ఆయన చెవిలో ఊదలేదని అందరికీ తెలుసు.

ఆష్లీ కోల్, మౌరీన్యో, ఒక హోటల్ గది

మొదటి వేషానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. అందుకే ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం.

ఆష్లీ కోల్ లండన్ కుర్రాడు. చిన్నప్పుడు ఆర్సెనల్ అభిమాని, ఆర్సెనల్ అకాడమీలోనే పెరిగాడు, 2003-04లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఓడకుండా టైటిల్ గెలిచిన జట్టులో ఎడమ వైపు డిఫెండర్. అదే ఊళ్లో ఇంకో క్లబ్బు చెల్సీని అప్పటికే రష్యా కోటీశ్వరుడు అబ్రమోవిచ్ కొని కోట్లు కుమ్మరిస్తున్నాడు, మేనేజర్‌గా జోసె మౌరీన్యోని తెచ్చాడు. 2005 జనవరిలో లండన్‌లోని ఒక హోటల్లో కోల్, అతని ఏజెంటు, మౌరీన్యో, చెల్సీ సీఈఓ పీటర్ కెన్యన్ కలిశారు. విషయం పత్రికకి ఎక్కింది.

దీన్నే ట్యాపింగ్ అప్ అంటారు. కాంట్రాక్టులో ఉన్న ఆటగాడితో అతని క్లబ్బుకి తెలియకుండా ఇంకో క్లబ్బు బేరం మాట్లాడటం. మన బెజవాడ, గుంటూరు వాళ్లకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పే పేరున్న లెక్చరర్‌ని ఇంకో కాలేజీవాళ్లు ఏడాది మధ్యలో హోటల్‌కి పిలిచి, జీతం రెట్టింపు అని చెప్పి పట్టుకుపోతే, ఇక్కడ ఫీజు కట్టిన తల్లిదండ్రులకి లెక్చరర్ మీద ఎంత మండుతుందో, పిలిచినవాడి మీద అంతకంటే ఎక్కువ మండుతుంది. ఆర్సెనల్ ఫ్యాన్స్‌ది అచ్చంగా ఆ మంటే.

ప్రీమియర్ లీగ్ విచారణ జరిపి 2005 జూన్‌లో శిక్షలు వేసింది. చెల్సీకి 3 లక్షల పౌండ్ల జరిమానా, మళ్లీ ఇదే పని చేస్తే 3 పాయింట్ల కోత. మౌరీన్యోకి 2 లక్షలు, కోల్‌కి లక్ష. అప్పీల్‌కి వెళ్తే ఆ ఆగస్టులో ఇద్దరివీ 75 వేల పౌండ్లకి తగ్గాయి. చెల్సీ లాంటి క్లబ్బుకి ఆ జరిమానా ఒక లెక్కా? ఏడాది తిరిగేసరికి, 2006 ఆగస్టు 31న కోల్ చెల్సీలో చేరనే చేరాడు. ఆర్సెనల్‌కి 50 లక్షల పౌండ్లు, దాంతోపాటు చెల్సీ డిఫెండర్ విలియం గల్లాస్ దక్కారు. జరిమానా వేసినా అనుకున్నది జరిగిపోయింది కాబట్టి, న్యాయం జరగలేదన్న భావన ఆర్సెనల్ వైపు మిగిలిపోయింది.

తర్వాత అసలు నిప్పు రాజేసింది కోల్ సొంత మాటలే. కొత్త కాంట్రాక్టు కోసం వారానికి 60 వేల పౌండ్లకి మాట కుదిరిందనుకుంటే క్లబ్బు 55 వేలే అంటోందని ఏజెంటు ఫోన్లో చెప్పినప్పుడు, కోపంతో కారు రోడ్డు మీంచి పక్కకి పోబోయిందని ఆత్మకథలో రాసుకున్నాడు. ఆదివారాల్లో పని చేసి, జీతంలోంచి టికెట్ కొనుక్కునే ఫ్యాన్‌కి ఆ వాక్యం పుండు మీద కారం. అతని పేరుని డబ్బుతో కలిపి 'క్యాష్లీ' అని మార్చేశారు, అతను ఆడే చోట నకిలీ నోట్లు ఊపారు.

ఇప్పుడు ఆ 5 వేల లెక్క వేసి చూద్దాం. వారానికి 5 వేలంటే 52 వారాలకి 2 లక్షల 60 వేల పౌండ్లు. కాంట్రాక్టు ఐదేళ్లనుకుంటే 13 లక్షల పౌండ్లు. ఒక మనిషి జీవితానికి అది చాలా పెద్ద డబ్బు, ఫ్యాన్ చెప్పింది నిజం. కానీ ఇదే లెక్కని క్లబ్బు వైపు నుంచి చూడండి. 13 లక్షల దగ్గర బిగబట్టి, సొంతంగా తయారుచేసుకున్న, అప్పటికి ప్రపంచంలోనే మేటి లెఫ్ట్ బ్యాక్‌లలో ఒకడిగా పేరున్న ఆటగాణ్ని, అదీ పాతికేళ్ల వయసులో వదులుకున్నారు. ఆర్సెనల్ అప్పుడు 60 వేల సీట్ల కొత్త స్టేడియం కడుతూ అప్పుల్లో ఉంది, పిసినారితనానికి కారణం ఉంది. అయినా ఆ నిర్ణయం తీసుకున్నవాళ్ల పేర్లు నేటి ఫ్యాన్స్‌లో ఎందరికి గుర్తున్నాయి? 'క్యాష్లీ' గుర్తున్నాడు, మౌరీన్యో గుర్తున్నాడు. బోర్డు రూములో కూర్చుని 55 అన్నవాళ్లు ఎవరికీ గుర్తు లేరు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో ఆసక్తిగా అనిపించేది ఇదే: నిర్ణయాలు సగం పైన జరుగుతాయి, కోపం మొత్తం గడ్డి మీద కనపడేవాళ్ల మీద దిగుతుంది.

కోల్ మాత్రం నష్టపోలేదు. చెల్సీతో ఒక లీగ్ టైటిల్, నాలుగు ఎఫ్ఏ కప్పులు (ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ), 2012లో ఛాంపియన్స్ లీగ్. ఆర్సెనల్ 2006 ఫైనల్లో బార్సిలోనా చేతిలో ఓడి పోగొట్టుకున్నది ఆ కప్పే, ఆ రోజు ఆర్సెనల్ తరఫున కోల్ ఆడాడు కూడా. వెళ్లినవాడు వెళ్లాక గెలవడం అనేది కచ్చని ఏళ్లకేళ్లు బతికిస్తుంది. అటు మౌరీన్యో వెంగర్ని వదలకుండా గిల్లుతూనే ఉన్నాడు, 2014లో ఓడిపోవడంలో నిపుణుడనే అర్థం వచ్చేలా ఎద్దేవా చేశాడు. మానే గాయాన్ని మళ్లీ మళ్లీ గోకినట్టే అయింది.

ఇటు న్యాయం, అటు న్యాయం

ఆటగాడి వైపు వాదన బలమైనదే. పదిహేనేళ్లు మించని ఉద్యోగం, ఒక్క గాయమైతే అంతా అయిపోతుంది. ఇంకో కంపెనీ ఎక్కువిస్తే మనం మారమా? విజయవాడ నుంచి హైదరాబాద్, అక్కణ్నుంచి బెంగళూరు, మనవాళ్లు నోటీసు పీరియడ్ అయ్యేదాకా ఆగితే గొప్ప. పైగా క్లబ్బు తనకి అక్కర్లేని ఆటగాణ్ని అమ్మేటప్పుడు విధేయత గుర్తు రాదు. గాయపడ్డవాణ్ని, ముప్పై దాటినవాణ్ని నిర్మొహమాటంగా పంపేస్తుంది, దానికి ఎవరూ బూ కొట్టరు. ట్రెంట్ విషయంలో ఇంకో సంగతి కూడా ఉంది. కాంట్రాక్టు చివరి ఆరు నెలల్లో వేరే దేశపు క్లబ్బుతో మాట్లాడుకోవడానికి ఫిఫా నిబంధనలే అనుమతిస్తాయి, హోటల్ గదుల్లో దాక్కోవాల్సిన అవసరమే లేదు.

ఫ్యాన్ వైపు వాదనని "ఎమోషన్" అని కొట్టిపారేస్తే మాత్రం పొరపాటు. ఫ్యాన్ అడిగేది జీవితాంతం ఉండమని కాదు. ముద్దుపెట్టుకున్న బ్యాడ్జి, "ఇదే నా ఇల్లు" అన్న ఇంటర్వ్యూ, వీటితోనే క్లబ్బు జెర్సీలు అమ్ముతుంది, ఆటగాడి పేరూ పెరుగుతుంది. ప్రేమని చూపించి డబ్బు చేసుకున్నాక, వెళ్లేటప్పుడు "ఇది వృత్తి, అర్థం చేసుకోండి" అంటే తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టే ఉంటుంది. వాన్ పెర్సీ చేసింది ఇంకా ఘోరం. యునైటెడ్‌లో చేరి, తన లోపలి చిన్నపిల్లాడు మాంచెస్టర్ యునైటెడ్ అని అరిచాడన్నట్టు మాట్లాడాడు. ఎనిమిదేళ్లు ఆర్సెనల్ చొక్కా వేసుకున్నవాడు! వెళ్లడాన్ని క్షమించినవాళ్లు కూడా ఆ ఒక్క మాటని క్షమించలేదు.

మరి బీసెంట్ రోడ్డులో జెర్సీ కొనుక్కుని, పటమట టర్ఫ్‌లోనో బ్రాడీపేట గల్లీలోనో ఆడే మన కుర్రాడికి ఈ పగ ఎలా అంటుకుంది? కోల్ క్లబ్బు మారిన 2006లో పుట్టిన పిల్లలు ఇప్పుడు డిగ్రీలో ఉన్నారు, వాళ్లూ 'క్యాష్లీ' అంటారు. ఊరు మనది కాదు, స్టేడియం చూడలేదు, ఆ క్లబ్బుతో మనల్ని కలిపే తాడు దాని కథలు మాత్రమే. ఆ కథల్లో గెలుపులెంత ఉంటాయో గాయాలూ అంతే ఉంటాయి. ఎవర్ని ప్రేమించాలో నేర్చుకున్నవాడు ఎవర్ని తిట్టాలో కూడా దాంతోపాటే నేర్చుకుంటాడు.

మన క్రికెట్‌లో ఇదే కథ, తిరగేసి

మనవాళ్లకి బాగా తెలిసిన కేసు అంబటి రాయుడిది. 2019 ఏప్రిల్ 15న వరల్డ్ కప్ జట్టు ప్రకటించారు, గుంటూరులో పుట్టిన రాయుడు అందులో లేడు. సెలక్షన్ కమిటీ చైర్మన్ ఎమ్మెస్కే ప్రసాద్ కూడా గుంటూరు మనిషే. విజయ్ శంకర్ బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడూ చేస్తాడని ఆయన చెబితే, వరల్డ్ కప్ చూడటానికి త్రీడీ కళ్లద్దాలు ఆర్డర్ పెట్టానని రాయుడు ట్వీట్ కొట్టాడు. ఇక్కడ ఆటగాడి మీద కోపం లేదు, అంతా సెలక్టర్ మీదకే వెళ్లింది. సెలక్షన్ ఒక్కరి నిర్ణయం కాదు, కమిటీ ఉంటుంది, కెప్టెన్ అభిప్రాయం ఉంటుంది, అయినా జనం గుర్తుపెట్టుకున్నది ఒక్క ముఖాన్నే. అరండల్‌పేటలో ఈ టాపిక్ ఎత్తితే ఇప్పటికీ టీ చల్లారిపోతుంది.

ఆటగాడి మీద కోపం కేసు హార్దిక్ పాండ్యాది. 2023 నవంబరులో గుజరాత్ వదిలి ముంబైకి వచ్చాడు, డిసెంబరులో రోహిత్‌ని తప్పించి అతన్ని కెప్టెన్ చేశారు. 2024 మార్చి, ఏప్రిల్ నెలల్లో అహ్మదాబాద్‌లో వదిలిన జట్టు జనమూ, వాంఖడేలో చేరిన జట్టు జనమూ ఇద్దరూ బూ కొట్టారు. కెప్టెన్సీ మార్చింది ఫ్రాంచైజీ, అరుపులు తిన్నది పాండ్యా. జూన్ 29న టీ20 వరల్డ్ కప్ ఫైనల్ చివరి ఓవర్ వేసి గెలిపించాక, జులై 4న అదే వాంఖడే అతని పేరు జపించింది. మూడు నెలల్లో తిరగబడింది! దేశం జెర్సీ అనే ఉమ్మడి గొడుగు క్రికెట్‌లో ఉంది కాబట్టి కుదిరింది. ఇంగ్లండ్ క్లబ్ ఫుట్‌బాల్‌లో అంత తేలిగ్గా కుదరదు.

రూనీ, మోయెస్: కచ్చ కరిగిన సందర్భం

కుదరదు అన్నాను గానీ ఒక చోట కుదిరింది. దానికి పదమూడేళ్లు పట్టింది.

వేన్ రూనీ లివర్‌పూల్ నగరంలోనే ఉన్న రెండో క్లబ్బు ఎవర్టన్‌లో పెరిగాడు. "ఒకసారి నీలం అయితే ఎప్పటికీ నీలమే" (ఎవర్టన్ జెర్సీ రంగు నీలం) అన్న అర్థం వచ్చే బనియన్ జెర్సీ కింద వేసుకుని చూపించినవాడు. 2002 అక్టోబరులో, ఇంకా పదహారేళ్ల వయసులో, ఆర్సెనల్ మీద చివరి నిమిషంలో కొట్టిన గోలుతో దేశమంతా తెలిశాడు. 2004 ఆగస్టులో మాంచెస్టర్ యునైటెడ్‌కి వెళ్లిపోయాడు. అప్పటి ఎవర్టన్ మేనేజర్ డేవిడ్ మోయెస్. తర్వాత రూనీ ఆత్మకథలో మోయెస్ గురించి రాసిన మాటల మీద ఆయన పరువునష్టం దావా వేశాడు, 2008లో రూనీ క్షమాపణ చెప్పి రాజీపడ్డాడు. అదే ఏడాది అక్టోబరులో ఎవర్టన్ గడ్డ మీద, తనని తిడుతున్న జనం ముందే యునైటెడ్ బ్యాడ్జిని ముద్దుపెట్టుకున్నాడు. అప్పటికి ఎవర్టన్ జనం లెక్క చాలా తేలిక. ఆటగాడు చెడ్డవాడు, మేనేజర్ మనవాడు.

2013లో ఆ మనవాడు కూడా యునైటెడ్‌కే వెళ్లాడు, ఫెర్గూసన్ కుర్చీలోకి. పదకొండేళ్లు పనిచేసినందుకు ఎవర్టన్ చప్పట్లతోనే పంపింది. ఆ వేసవిలోనే యునైటెడ్ వచ్చి ఎవర్టన్ ఆటగాళ్లు ఫెల్లైని, బెయిన్స్ ఇద్దరికీ కలిపి 2.8 కోట్ల పౌండ్లు ఇస్తామంది. ఎవర్టన్ ఇది అవమానమని బహిరంగంగా తిప్పికొట్టింది, చివరికి ఫెల్లైని ఒక్కడే 2.75 కోట్లకి పోయాడు. పైన చెప్పిన మూడో వేషం ఇదే. ఇద్దరికి ఇస్తామన్న డబ్బు దాదాపు ఒక్కడికే పెట్టాల్సి వచ్చింది చూడండి, ఎవర్టన్ జనానికి మండిందంటే మండదా మరి! 2014 ఏప్రిల్ 20న మోయెస్ యునైటెడ్ జట్టుతో ఎవర్టన్‌కి వస్తే ఒక ఫ్యాన్ కొడవలి పట్టుకున్న మృత్యుదేవత వేషంలో ఆయన వెనకే వచ్చి కూర్చున్నాడు. యునైటెడ్ 2-0తో ఓడింది. 22న మోయెస్ ఉద్యోగం పోయింది.

ఇద్దరూ మళ్లీ ఎవర్టన్‌కే వచ్చారు. 2017లో రూనీ తిరిగొచ్చి మొదటి లీగ్ మ్యాచ్‌లోనే గోలు కొట్టాడు. ఆ నవంబరులో సొంత సగంలోంచి కొట్టిన ఒక గోలుతో సహా హ్యాట్రిక్ చేశాడు, అది వెస్ట్ హామ్ మీద, వెస్ట్ హామ్ మేనేజర్ అప్పుడు మోయెస్! ఇంత కథ సినిమాలో పెడితే నమ్మం. 2025 జనవరిలో మోయెస్ మళ్లీ ఎవర్టన్ మేనేజరయ్యాడు, జట్టు పీకల్లోతు కష్టాల్లో ఉండగా వచ్చి గట్టెక్కించాడు. కోపం ఏమైందంటే, ఇద్దరూ బయట చూడాల్సింది చూసి, దెబ్బలు తిని, మళ్లీ ఈ గుమ్మమే తొక్కారు. కోల్ ఆ పని చేయలేదు. ఆర్సెనల్‌కి అతనూ మళ్లీ రాలేదు, ఆర్సెనలూ పిలవలేదు.

మౌరీన్యో సంగతి ఇంకో రకం. 2017 మార్చిలో యునైటెడ్ మేనేజర్‌గా చెల్సీ స్టేడియానికి వెళ్తే, ఒకప్పుడు తనని నెత్తిన పెట్టుకున్న చెల్సీ జనమే జూడాస్ (యేసుని పట్టిచ్చిన శిష్యుడి పేరు, అంటే ద్రోహి) అని అరిచారు. తాను గెలిపించిన మూడు లీగ్ టైటిళ్లకి గుర్తుగా మూడు వేళ్లు చూపించాడు. ఆర్సెనల్ ఫ్యాన్స్ ఆ రోజు ఎంత నవ్వుకుని ఉంటారో!

బూ దాటితే

బూ కొట్టడం, నకిలీ నోట్లు ఊపడం ఆటలో భాగమే అని చాలామంది ఒప్పుకుంటారు. 2001 నవంబరులో క్యాంప్‌బెల్ టాటెన్‌హామ్ మైదానానికి తిరిగొచ్చినప్పుడు జూడాస్ అని రాసిన బెలూన్లు ఎగరేశారు, అదీ ఓకే అనుకుందాం. తర్వాత అతని మీద పాడిన పాటలు జాతి, లైంగికత దాకా వెళ్లాయి. 2008లో అలా అరిచినవాళ్లలో కొందరి మీద కోర్టులో కేసులు నడిచాయి, స్టేడియం నిషేధాలు పడ్డాయి. 2002 నవంబరు 23న ఫిగో బార్సిలోనాలో కార్నర్ కొట్టడానికి వెళ్తే సీసాలు వచ్చి పడ్డాయి, ఒక పంది తల కూడా. రెఫరీ కాసేపు ఆట ఆపేసి జట్లని లోపలికి పంపాల్సి వచ్చింది. ఇందులో రెండు వైపులా వాదనలేమీ లేవు.

ఇసాక్ కేసులో తేలనిది

ఇప్పుడు వేడిగా ఉన్నది న్యూకాజిల్ వాళ్ల కోపం. 2025 మార్చిలో లీగ్ కప్ ఫైనల్లో లివర్‌పూల్‌ని 2-1తో ఓడించి న్యూకాజిల్ డెబ్భై ఏళ్ల తర్వాత ఒక పెద్ద దేశీయ కప్పు గెలిచింది, ఇసాక్ అందులో గోలు కొట్టాడు. ఐదు నెలలు తిరక్కుండానే ఓడిపోయిన ఆ జట్టులోకే వెళ్తానని ఆడటం మానేశాడు. కాంట్రాక్టు ఉంది కాబట్టి క్లబ్బుకి రికార్డు డబ్బు వచ్చింది, సున్నా బాధ ఇక్కడ లేదు. మేనేజర్ ఎడ్డీ హౌ మీద ఎవరూ వేలెత్తలేదు. మరి కోపం దేనికంటే, అతను మైదానంలో ఉండాల్సిన రోజుల్లో లేడు. ఇసాక్ మాట వేరు: తనకి ఇచ్చిన మాట తప్పారని, నమ్మకం పోయాక కలిసి నడవలేమని ఆగస్టు 19న బహిరంగంగా చెప్పాడు. ఆ వేసవిలో వెళ్లనిస్తామని క్లబ్బులో ఎవరూ ఎప్పుడూ మాటివ్వలేదని న్యూకాజిల్ అదే రోజు జవాబిచ్చింది. ఇసాక్‌ని నమ్మినవాడికి అతను ట్రెంట్ కన్నా అలోన్సోకి దగ్గరగా కనిపిస్తాడు. క్లబ్బుని నమ్మినవాడు మాత్రం అతను ఆ ఊరికి మళ్లీ వచ్చిన రోజున గొంతు సవరించుకుంటాడు.